బావకు నేను చెప్పిన తడిగుడ్డ ఉపాయం

ఇది రాసి పెట్టుకోకపోతే సోమవారంలోగా నేను మళ్లీ అదే తప్పు చేస్తానని భయంగా ఉంది. ఆ రోజు మా అక్క కూతురు, జీన్స్‌ను లేజర్‌తో వెలిసినట్టు చేసే కంపెనీలో చేరుతోంది. పొద్దున్నే గాంధీపురంలో బస్సెక్కాలి. మొన్న నా పక్కన చతికిలబడి, "మామా, ఆ మిషనుతో భయమేమన్నా ఉండాదా? నువ్వు అన్నీ చదివుండావు గదా, చెప్పు" అంది.

ఆ పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పుడు వాళ్ల నాన్న కూడా ఇదే అడిగాడు. కోయంబత్తూరు మిల్లుల్లో మా పెద్దవాళ్లు తెల్లనూలే వడికారు. జీన్స్ వచ్చాక ఆ నూలు నీలిమందు తొట్టెల్లో మునిగింది. రంగు దారానికి పైపైనే పడుతుంది, లోపల తెలుపు తెలుపుగానే ఉంటుంది, గీకితే బయటపడుతుంది. ఇదంతా లైబ్రరీలో చదివి, ఎవరూ అడగకపోయినా ఇంట్లో చెప్పేవాణ్ణి. బావ పని గొట్టంతో ఇసుక చిమ్మి, కొత్త ప్యాంట్ల తొడల దగ్గర ఆ తెలుపు తేల్చడం. గదంతా ధూళి. "ఏమప్పా పుస్తకాలయ్యా, ఫ్యాను కింద కూర్చుని చదువుతాండావే, ఈ దుమ్ముకు దాంట్లో మందేమన్నా రాసుండాదా?" అని నవ్వాడు. ఒక పాత పుస్తకంలో చూసి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే చాలన్నాను. పని మానేద్దామనుకున్న మనిషి నా మాట నమ్మి ఉండిపోయాడు. అక్క రోజూ పాత చీర ముక్క తడిపి, పిండి, అన్నం డబ్బాతోపాటు ఇచ్చేది.

కొన్నేళ్లకు ఇంకో పుస్తకం దొరికింది. అతి సన్నని ఇసుకధూళి గుడ్డలోంచి దూరిపోతుందట, ఊపిరితిత్తుల్లోకి దిగితే ఇక బయటికి రాదట. ఇంటికొచ్చేసరికి బావ మూడో మెట్టు మీద ఊపిరి అందక ఆగి ఉన్నాడు. సిగ్గుతో నెల రోజులు నోరు విప్పలేకపోయాను. ఆ నెలా ఆయన గుడ్డ కట్టుకునే పనికి పోయాడు.

ఇప్పుడు ఇసుక బదులు లేజర్ వెలుగు నీలాన్ని కాల్చేస్తుంది. రెండు రోజులుగా వెతుకుతున్నాను. ఆ మిషను ఎలా పనిచేస్తుందో పుస్తకాల్లో ఉంది. దాని పక్కన ఇరవై ఏళ్లు నిలబడిన మనిషి సంగతి మాత్రం నాకెక్కడా దొరకలేదు.

"తెలీదమ్మా" అన్నాను. ఆ మాట మా ఇంట్లో నా నోట అదే మొదటిసారి. గుమ్మం దగ్గర కూర్చున్న బావ, మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ, "కాల్తే పొగ వస్తాది గదా, కన్నూ... అది యాడికి పోతాదో చూడు. నీ తట్టు వస్తే... లేచి వచ్చేసెయ్" అన్నాడు.

రెండో పుస్తకం వెతికిచ్చిన లైబ్రరీ సరోజగారికి, సంగతంతా తెలిశాక కూడా నాకు అన్నం పెడుతున్న అక్క రంగమ్మకు, ఇది రాయమన్న బావ గోవిందుకు నా దండాలు. బావ రెండు నిమిషాల్లో కొత్త ప్యాంటుకు పదేళ్ల వయసు తెప్పించేవాడు. ఆ పదేళ్లు ఎవరివో నాకు ఇప్పుడు తెలుస్తోంది.