పైలం ఎక్కడుంటది?

మా అత్తమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ప్రమాదం మా ఇంట్లోకి వచ్చేసిందని నాకు మొదటిసారి అనిపించింది ఆ క్షణంలోనే.

లాక్‌డౌన్ మొదలై కొన్ని వారాలైంది. హనుమకొండలో మేము అద్దెకున్న ఇంట్లో పొద్దున పూట ఒక పద్ధతి ఉండేది. పిల్లలు మొహం కడుక్కుని రాగానే అత్తమ్మ కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. పరీక్ష అయినా, జ్వరమైనా, ఏ విశేషమూ లేని ఉత్త మంగళవారమైనా ఆ చెయ్యి పడకుండా మా ఇంట్లో ఎవరూ గడప దాటేవారు కాదు. బడులు మూసేశాక పిల్లలకు గడప దాటే పనే లేకపోయింది. అయినా అత్తమ్మ మానలేదు.

ఆ రోజు ఏడేళ్ల పెద్దదాని వంతు అయిపోయింది. నాలుగేళ్ల చిన్నోడు ముందుకొచ్చాడు. చెయ్యి తలకు తగలబోతుండగా చటుక్కున వంగి, కుర్చీ పక్కనుంచి జారుకుని, నా వెనకాలకొచ్చి నైటీ పట్టుకున్నాడు. ఆటకు కాదు. విడిపించబోతే ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఏమైందిరా? నా చెయ్యి చేదైందా నీకు?" అంది అత్తమ్మ. నవ్వుతూనే అంది. కానీ ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది.

నాకు వెంటనే తట్టింది జ్వరమేమో అని. నా బుర్ర అంతే. నుదురు పట్టుకుని చూశాను, గొంతులోకి టార్చిలైటు వేశాను, వేడినీళ్లు తాగించాను. వాడు నిక్షేపంగా ఉన్నాడు. కానీ మరునాడూ అంతే, ఆ పై రోజూ అంతే. నానమ్మ చెయ్యి లేచిందంటే వాడు మంచం కింద ఉండేవాడు.

అప్పటి నా సంగతి కొంచెం చెప్పాలి. మా ఆయన మందులు సరఫరా చేసే ఒక ఏజెన్సీలో పనిచేస్తాడు. ఊరంతా తలుపులేసుకున్నా, ఆయన మాత్రం పాసు మెడలో వేసుకుని, వ్యానులో తొర్రూరు దాకా పోయి మెడికల్ షాపులకు మందులు వేసి రావాల్సిందే. వచ్చాక బయటి బాత్రూములో స్నానం, ముందుగదిలో పడక. ఇంట్లో అత్తమ్మకేమో ఆస్తమా. వీళ్లిద్దరి మధ్య నేను. డిగ్రీలో మైక్రోబయాలజీ చదివిన పాపానికి ఎవరికీ కనబడనివన్నీ నాకు కనబడేవి. పాల ప్యాకెట్లను సబ్బుతో తోమేదాన్ని. ఒకసారి తొందరలో కొత్తిమీర కట్టను కూడా అదే బకెట్లో ముంచాను. ఆ పూట మిక్సీలో పచ్చడి నురగ కట్టింది. "కడుపు గూడ సాఫ్ అయితది తియ్యి," అని మా ఆయన వేలితో కొంచెం నాకి, మిగతాది మర్యాదగా పారబోశాడు. ఆయన బూట్లు గేటు దగ్గరే ఉండేవి. వాటి మీద నేను శానిటైజర్ కొట్టే తీరు చూసి ఎదురింటి పెద్దమ్మ డాబా మీద నుంచి అడిగింది, "దోమలకా బిడ్డా?" అని.

శానిటైజర్ కంటే ఎక్కువగా నేను వాడింది ఒక మాటను. పైలం. మా దగ్గర జాగ్రత్త అని చెప్పడానికి అందరూ అనే మాట అదే. ఎవరైనా ఊరికి బయలుదేరితే, బస్సు కదిలాక కూడా కిటికీ పక్కన నడుస్తూ మెత్తగా అనే మాట. ఆ రోజుల్లో నేను దాన్ని అరిచేదాన్ని. తలుపు తీస్తే పైలం. కూరగాయల బండి వస్తే పైలం. గేటు ముట్టకండి పైలం, బూట్ల దిక్కు పోకండి పైలం.

ఒక సాయంత్రం అత్తమ్మ నెక్కొండలో ఉన్న చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతోంది. అక్కడి ముచ్చట్లు, ఇక్కడి ముచ్చట్లు అయిపోయాయి. "సరే చెల్లే, పైలం మరి," అనేసరికి చిన్నోడు ఒక్క ఉరుకున వెళ్లి ఆమె చేతిలోని ఫోను గుంజాడు.

"పిలవకు నానమ్మా! పిలవకు!"

"ఎవర్ని పిలుస్తాన్నరా నేను?"

"పైలంను!" అని వాడు ఏడుపు మొదలుపెట్టాడు.

మాకు ఏమీ అర్థం కాలేదు. పెద్దది రంగు పెన్సిలు పక్కన పెట్టి, టీచరమ్మలా చెప్పింది. "వానికి పైలం అంటే భయం మమ్మీ. అది డాడీ బూట్లల్ల ఉంటది గదా. నువ్వు రోజు దాని మీద స్ప్రే కొడతవ్. చస్తలేదు."

"అట్లని ఎవరు చెప్పిన్రే?"

"నువ్వే. గేటు చప్పుడైతే పైలం పైలం అని ఉరుకుతవ్ గదా."

"మరి నానమ్మను చెయ్యి ఎందుకు పెట్టనిస్తలేడు?"

"నానమ్మ ప్రార్థనల దాన్నే పిలుస్తాంది గదా!"

అప్పుడు వెలిగింది. అత్తమ్మ ఈమధ్య తన ప్రార్థన చివర ఒక ముక్క కొత్తగా చేర్చింది: "పిల్లలు పైలం, ప్రభువా." వాడి లెక్కలో నానమ్మ రోజూ పొద్దున్నే ఆ భూతాన్ని పిలిచి, చేత్తో తెచ్చి తన నెత్తి మీద కూర్చోబెడుతోంది.

"అది బిస్కెట్లు తింటది," అన్నాడు వాడు వెక్కుతూ. "రోజు అక్కకిస్తే, అక్క దానికి ఇస్తది. అందుకే నన్ను కరుస్తలేదు."

పెద్దది మళ్లీ పెన్సిలు తీసుకుని చాలా శ్రద్ధగా బొమ్మ వేయడం మొదలుపెట్టింది.

అత్తమ్మకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. నవ్వి నవ్వి ఆయాసం వచ్చింది. ఇన్‌హేలర్ కోసం పరుగెత్తుతూ నేను అలవాటు కొద్దీ "పైలం అత్తమ్మా!" అని అరిచాను. చిన్నోడు మంచం కిందకు దూరిపోయాడు.

"జర నవ్వనియ్యే పిల్లా," అంది అత్తమ్మ, ఇన్‌హేలర్ పీల్చి ఊపిరి అందుకుంటూ. "ఎన్ని రోజులాయె గిట్ల నవ్వక!"

మా ఆయన వచ్చాక గేటు అవతల నిలబెట్టే సంగతంతా చెప్పాను. "అంటే నేను బూట్లల్ల భూతాన్ని ఏసుకోని తొర్రూరు పోయొస్తాన్ననా?" అని పడీ పడీ నవ్వాడు. నవ్వు తగ్గాక లేసులు విప్పుతూ అన్నాడు, "అందుకేనా వాడు కిటికీ కాడికి గూడ వస్తలేడు? నా మీద అలిగిండనుకున్న."

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. అన్నం తినిపిస్తూ వాడికి నచ్చజెప్పబోయాను. పైలం అంటే ఏం లేదురా, ఉత్త మాట అన్నాను.

"ఏం లేకపోతే నువ్వెందుకు ఉరుకుతవ్ మరి?" అన్నాడు.

ఇంట్లోకి వచ్చే ప్రతి వస్తువునూ కడిగాను గానీ, ఇంట్లోనే ఉన్న నా గొంతు సంగతి నాకు తట్టలేదు. పిల్లలు మాటకు అర్థం వెతుక్కోరు. అన్నప్పుడు మన మొహం ఎట్లా ఉందో చూసి, దాన్నే అర్థం చేసుకుంటారు. నేను ఆ మాట అన్న ప్రతిసారీ నా మొహంలో భూతమే కనబడి ఉంటుంది.

ఇప్పుడు వాడు నా భుజం దాకా వచ్చాడు. సైకిలు మీద ట్యూషనుకు పోతాడు. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను, మధ్యలో రెండుసార్లు లేచి తలుపు గడియ చూసొచ్చాను. భయపడే గుణం పోలేదు, పోతుందని అనుకోవడం కూడా మానేశాను. కానీ వాడు సైకిలెక్కినప్పుడు వెనకనుంచి అరవను. దగ్గరికెళ్లి, కాలరు సర్ది, చెవిలో చెబుతాను. ఇది నేను నేర్చుకుంది వాడు ఫోను గుంజిన మరునాటి పొద్దున.

అత్తమ్మ ఎప్పట్లాగే కుర్చీలో కూర్చుంది. మా ఆయన గేటు దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాడు. పిల్లలిద్దరినీ గుమ్మంలో నిలబెట్టి, వాళ్లకు ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"వినుర్రి. పైలం డాడీ బూట్లల్ల ఉండదు. దానికి కోరలు లేవు. బిస్కెట్లు తినదు. బిస్కెట్లు ఎవరు తిన్నరో నాకెరుకే."

పెద్దది గోడ దిక్కు చూసింది. చిన్నోడు మాత్రం బూట్లనే చూస్తున్నాడు. "మరి ఎక్కడుంటది?" అన్నాడు.

"నానమ్మ చేతిల ఉంటది. బయటికి పోయేటోళ్లకు ఇంత, ఇంట్ల ఉండేటోళ్లకు ఇంత పంచుతది. డాడీకైతే దూరం నుంచే చెయ్యెత్తి పంపుతది. అది ఉన్నదనే డాడీ ధైర్యంగ పోతాండు. గట్టిగ ఒర్రితే భయమైతది గానీ, అది మెల్లగ చెప్పుకునే మాట బిడ్డా. నేనే తప్పు చెప్పిన. ఇగ పో, నానమ్మ కాడ తల పెట్టు. నీ వంతుది అట్లనే పట్టుకోని కూసున్నది."