పేఫెన్ అక్క వెంట నడక

మా హోంకౌ సందులు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్న రోజుల్లో పేఫెన్ అక్కకు గైడు ఉద్యోగం దొరికింది. షాంఘై పాత వీధుల్ని కాలినడకన చూపించే ఒక చిన్న కంపెనీవాళ్లు, ఆ వీధుల్లో బతికిన మనిషి కావాలని వెతుక్కుంటూ వచ్చారు. ఆమె ఒకప్పుడు థర్మాస్ ఫ్లాస్కుల ఫ్యాక్టరీలో పనిచేసేది. అది మూతపడ్డాక వీధి మొగలో టీ ఆకులతో ఉడికించిన గుడ్లు అమ్మింది. భర్త పోయి, ఇల్లు ఖాళీ చేసి, కూతురింట్లో టీవీ ముందు కూర్చుని కూర్చుని విసిగిపోయి ఉంది. ఉద్యోగం ఖాయమని తెలిసిన రోజే జుట్టుకు రంగు వేయించుకుంది.

నేను అక్కవాళ్లున్న ఆ పాత ఇంట్లోనే, మెట్ల మలుపు గదిలో పుట్టి పెరిగాను. మూడంతస్తుల ఇంటికి ఐదు కుటుంబాలు, ఒకటే వంటిల్లు. ఎవరి బల్బు వాళ్లది, ఎవరి స్విచ్చి వాళ్ల గదిలో. ఇంకొకరి బల్బు వెలుతురులో ముల్లంగి తరిగినా తగువే. ఇప్పుడు రెండు వీధుల అవతల నాకు కళ్లద్దాల దుకాణం ఉంది. శనివారం మధ్యాహ్నం దుకాణం మూసేసి అక్క నడకలో నేనూ వెళ్లేవాణ్ణి.

మొదట్లో ఆ నడక చప్పగా ఉండేది. ఏ ఇల్లు ఏ వ్యాపారి కట్టించాడు, ఈ కిటికీ ఏ దేశపు పద్ధతి, ఇవన్నీ కంపెనీవాళ్లు రాసిచ్చారు. అక్క బడిపిల్లలా వల్లె వేసి ఒప్పజెప్పేది. వచ్చినవాళ్లు ఫోన్లు చూసుకునేవాళ్లు.

"చిలక పలుకులు పలుకుతున్నాను తమ్ముడూ," అంది ఒకరోజు. "చిలకైతే కనీసం జామకాయ అడుగుతుంది."

ఆ శరదృతువులో ఒక శనివారం, పదిమంది దాకా వచ్చారు. మా పాత ఇంటి వెనక గుమ్మం దగ్గర ఆగాం. మా వంటింట్లో ఇప్పుడు కాఫీ కొట్టు పెట్టారు. అక్క మైకు నోటి దగ్గర పెట్టుకుని, "ఇక్కడ ఐదు కుటుంబాలు ఒకే కుటుంబంలా, కలిసిమెలిసి వండుకు తినేవి," అంది.

"అబద్ధం!" అని వెనకనుంచి ఒక గొంతు ఖంగుమంది.

అందరూ తిరిగి చూశారు. ఎర్ర కోటు వేసుకుని, చక్రాల సంచి లాక్కుంటూ ఒక ముసలామె నిలబడి ఉంది.

"ఎవరండీ అది?" అంది అక్క మైకులోనే.

"ఎవరా? పంతొమ్మిదేళ్లు నీ మోచెయ్యి నా డొక్కలో పొడిచింది. నేనెవరో తెలీదూ?"

ఆమె పేరు చీ లోంగ్‌ది. రెండో అంతస్తు వెనక గదిలో ఉండేది. ఇల్లు ఖాళీ చేయించినప్పుడు వాళ్లకు ఊరి చివర బావోషాన్‌లో ఫ్లాటు ఇచ్చారు. అక్కడ దొరకని ఊరగాయ కోసం పాత బజారుకు వచ్చి, దారిలో ఈ గుంపును చూసి ఆగింది.

"కలిసిమెలిసా?" అంది ముందుకొస్తూ. "నా కొడుకును బాతు దొంగ అన్నావు. సందు సందంతా వినేలా అన్నావు."

"అనక ముద్దు పెట్టుకుంటానా? కొత్త సంవత్సరానికని ఎండబెట్టిన బాతు. కొక్కెం మిగిలింది, బాతు లేదు. నీ కొడుకు మూతి చూస్తే నూనెతో మెరుస్తోంది."

"చలికి పెదాలు పగిలితే నేనే నూనె రాశానే!"

ఫోన్లన్నీ పైకి లేచాయి. కళ్లజోడు కుర్రవాడొకడు, "ఇంతకీ బాతు ఎవరు తిన్నట్టు?" అన్నాడు.

"నువ్వుండవయ్యా!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. గుంపంతా గొల్లుమంది. వాళ్లిద్దరికీ నవ్వు ఆగలేదు. బాతు పోయిన నాటినుంచి ఆ ఇద్దరూ పక్కపక్కనే వండుకుంటూ ఒక్క మాట మాట్లాడుకోలేదని నాకు తెలుసు.

కాఫీ కొట్టులోకి అందరం దూరాం. లోంగ్‌ది కాఫీ యంత్రం పక్కన నిలబడి, "నా పొయ్యి ఇదిగో ఇక్కడ," అని చూపించింది. అక్క మైకు కట్టేసింది. వచ్చినవాళ్లతో మామూలు గొంతుతో అంది: "మా ఆయన ఆసుపత్రిలో ఉన్న నెలంతా, నేను ఇంటికొచ్చేసరికి నా పొయ్యి మీద గంజి వేడివేడిగా ఉండేది. ఎవరు పెట్టేవాళ్లో నాకు తెలుసు. అయినా పలకరించలేదు."

"మిగిలిపోయింది. పారబొయ్యబుద్ధి కాక పెట్టాను," అంది లోంగ్‌ది గోడ వంక చూస్తూ.

"నెలరోజులూ మిగిలిందా?"

"మాది పెద్ద గిన్నె."

మరుసటి వారం వచ్చినవాళ్లు, ఆ ఎర్రకోటు పిన్నిగారు రాలేదేమని అడిగారు. నేను లోంగ్‌దికి ఫోన్ చేశాను. "నువ్వెవరోయ్ పిలవడానికి? దాన్నే పిలవమను," అంది. రెండు రోజులు బింకం చూపించి అక్కే పిలిచింది. ఆ తర్వాత రాసిచ్చిన కాగితాలు సంచిలోంచి బయటికి రాలేదు. ఒకావిడ చెబుతుంటే రెండో ఆవిడ అడ్డుపడుతుంది, మొదటావిడ తిరగబడుతుంది. వాటిమధ్యే అక్కడి బతుకంతా బయటికొచ్చేది. ఒక్క కుళాయి దగ్గర పొద్దున్నే పడే పోట్లాటలు, వాన పడితే ఎవరి బట్టలు ఎవరు తీశారన్నది, ఎండాకాలం సందులో వెదురు మంచాలు వేసుకుని పడుకోవడం. కంపెనీవాళ్లు మొదట గొణిగారు. జనం పెరిగేసరికి ఊరుకున్నారు.

వసంతం వచ్చేసరికి ఎదుటి వరస ఇళ్లన్నిటికీ, కూలగొట్టడానికని, రేకులు అడ్డం పెట్టేశారు. నడక సగానికి సగం తగ్గిపోయింది.

"ఇంక చూపించడానికేం మిగల్లేదే. మానేస్తాను," అంది అక్క.

"నువ్వు చూపించేది గోడలు," అంది లోంగ్‌ది. "మనుషులంతా మా వైపే ఉన్నారు. అక్కడికి తీసుకురా."

"ఆ టవర్లలో ఏముందని? అన్నీ ఒక్కలాగే ఉంటాయి."

"నువ్వొచ్చి చూశావా? ఒక్కసారన్నా వచ్చావా?"

అక్క ఇన్నేళ్లలో అటు తొంగిచూసిన పాపాన పోలేదు.

బావోషాన్ నడకకు ఏడుగురే వచ్చారు. మెట్రో దిగేసరికి పేఫెన్ అక్క మొహం పాలిపోయి ఉంది. ఎటు చూసినా ఆకాశాన్నంటే మేడలు, వెడల్పాటి రోడ్లు. లోంగ్‌ది గేటు దగ్గరే ఎదురొచ్చి, ఆమె చేతిలోంచి మైకు లాగేసుకుంది. అక్క మొదటిసారి గుంపులో వెనక నడిచింది.

సైకిళ్ల షెడ్డులో మా సందు మంగలాయన కుర్చీ వేసుకుని ఎవరికో జుట్టు కత్తిరిస్తున్నాడు. చెట్టుకూ చెట్టుకూ మధ్య వెదురు బొంగులు, వాటి నిండా దుప్పట్లు. ప్రహరీ వారన ఉల్లికాడల మడి ఉంది. అక్కడ ఏదీ నాటకూడదని బోర్డు పెట్టారు, ఆ బోర్డు పక్కనే కాపలాదారు కూరకు నాలుగు కాడలు తుంపుకుంటున్నాడు. పైనుంచి ఎవరో, "పేఫెన్! బతికే ఉన్నావుటే!" అని అరిచారు. ఆమె తలెత్తి ఇన్ని కిటికీల్లో ఎవరో పోల్చుకోలేక, ఏ కిటికీనీ వదలకుండా చెయ్యి ఊపింది.

లోంగ్‌ది వాళ్ల అంతస్తులో ఆగి చెప్పింది: "ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది ఏడ్చాను. వంటిల్లు నాదే, కుళాయి నాదే, తలుపేస్తే అంతా నాదే. తిట్టుకుందామంటే ఒక్క మనిషి లేదు. అప్పుడు తలుపు తీసి పెట్టి వండడం మొదలెట్టాను. వాసనకు ఎదురింటావిడ వచ్చింది. ఆన్హువీ మనిషి, కూరలో అంత కారం పోస్తుంది. ఇప్పుడు ఆవిడతో రోజూ గొడవే." ఆ మాట గర్వంగా అంది.

ఆ సాయంత్రం మంగలాయన భార్య వండిన, మాంసం కూరిన వొంటన్ పొట్లాల పులుసు అందరం మెట్ల మీద కూర్చుని తాగాం. పేఫెన్ అక్క ఇద్దరు ముగ్గురిని అక్కడి అద్దెల వివరాలు అడిగింది. శరదృతువు తిరిగి రాకముందే లోంగ్‌ది ఉండే బ్లాకుకు పక్క బ్లాకులో అక్క చిన్న ఫ్లాటు అద్దెకు తీసుకుంది. కూతురు, "అంత దూరంలో ఒక్కదానివీ ఎలా ఉంటావమ్మా?" అంటే, "ఒక్కదాన్నెలా అవుతాను? అక్కడ నేను పోట్లాడాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు," అందట.

ఇప్పుడు నడక పొద్దున పాత సందులో మొదలై, మధ్యాహ్నం బావోషాన్‌లో ముగుస్తుంది. మొన్న శనివారం వాన. గొడుగులతో ఎనిమిదో బ్లాకు దగ్గరికి వచ్చేసరికి లారీలోంచి సామాను దించుకుంటున్నారు. నది అవతల సందొకటి ఖాళీ చేయించారట, వీళ్లు అక్కడివాళ్లు. వాళ్ల ముసలావిడ తడుస్తూ, ఎటు పోవాలో తెలియక నిలబడి ఉంది. బీరువా లిఫ్టులో పట్టడం లేదు.

"చూస్తారేం, పట్టండి!" అంది లోంగ్‌ది. నడకకు వచ్చినవాళ్లు గొడుగులు మూసి తలా ఒకటీ అందుకున్నారు. ఒకమ్మాయి రెండు బొంతలు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కింది. నాకు బీరువా ఒక కొస తగులుకుంది.

పేఫెన్ అక్క తన గొడుగు ఆ ముసలావిడకు పట్టి, "లోపలికి రండి వదినగారూ, తడిసిపోతున్నారు," అంది. "మీ ఎదురింట్లో ఎవరుంటారో, ఎలాంటివాళ్లో, ముందే అంతా చెప్పేస్తాను."