అమెరికా కోసం ఉపవాసం

కరోనా ఏడాది నవంబరులో పని మీద సూరత్ వెళ్ళాను. పల్సానా నుంచి గోడాదరా వెళ్ళే షేర్ ఆటోలో నా పక్కన ఒక తెలుగామె కూర్చుంది. మరమగ్గాల కార్ఖానాలో పనట. బిస్కెట్లు ఇవ్వబోతే వద్దంది.

“ఉపవాసమున్న సార్. అమెరికాల ఎలక్షన్లు గదా, మా పాస్టరు ప్రార్థన చేయమన్నడు.”

నాకు నవ్వొచ్చింది. “అమెరికాతో నీకేం పనమ్మా?” అన్నాను.

“ఇప్పుడున్న ప్రెసిడెంటే మల్ల గెలిస్తే కడుపుల పిల్లలను తీసేయనియ్యడంట. లాక్‌డౌన్ల నాకు ఏడో నెల సార్. నొప్పులొస్తే దవాఖానకు పోనీకి బండి దొరకలే. బిడ్డ దక్కలే. గా దేశంల పిల్లలన్న బతకాలె.”

నవ్వినందుకు సిగ్గుపడ్డాను. దిగేముందు అడిగింది, “గెలుస్తడా సార్?”

ఆయన ఓడిపోయాడని పొద్దున్నే వార్తల్లో చూశాను. అయినా “ఇంకా ఓట్లు లెక్కపెడుతున్నారమ్మా” అన్నాను.

“అయితే రేపు గూడ ఉపవాసముంట” అని దిగి వెళ్ళిపోయింది.