మెట్లదారి లైట్లు

మా భవనంలో ఆయన్ని అందరూ లైట్లాయన అనేవారు. నాలుగంతస్తుల దుకాణాల భవనం అది. కింద బట్టల కొట్లు, మందుల షాపు, వీధివైపు మా చిన్న ఆఫీసు. మొదటి అంతస్తులో జిరాక్సు షాపు, ఫోన్లు బాగుచేసేవాళ్ళు. పైన రకరకాల ఆఫీసులు. మూడో అంతస్తు మూలన ఒక కుట్టుమిషన్ గది. కిటికీలన్నీ ముందువైపే. వెనక నడవలకీ మెట్లకీ పట్టపగలైనా బల్బే దిక్కు.

మనిషి బక్కపలచన. భుజాన నిచ్చెన, జేబులో టెస్టరు. ఎదుటివాళ్ళతో మాట్లాడుతున్నా కళ్ళు పైకప్పు మీదే ఉండేవి. "మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజున కూడా నన్ను కాదు, మా వసారాలో కొట్టుకుంటున్న ట్యూబులైటునే చూస్తూ కూర్చున్నారు. లైటుకి సంబంధం కుదిరింది గానీ నాకు కుదరలేదనుకున్నాను" అని ఆయన భార్య నవ్వేది. ఇక్కడ రాస్తున్నవాటిలో కొన్ని ఆమె చెప్పినవి, కొన్ని చాలాకాలం తర్వాత ఆయనే చెప్పినవి.

ఆ భవనంలో ఏ లైటు ఎప్పుడు పోతుందో ఆయనకి ముందే తెలిసేది. చివర్లు నల్లబడ్డ ట్యూబు, గుయ్యిమంటున్న చోకు, వెలగడానికి తటపటాయిస్తున్న ప్యానెలు, ఏదీ ఆయన కంటపడకుండా పోయేది కాదు. చచ్చిన పురుగులు నిండిన డూములు విప్పి, కడిగి, ఆరబెట్టి బిగించేవాడు. ఎవరూ చెప్పని పని అది. చేసినందుకు ఎవరూ మెచ్చుకోలేదు కూడా.

చిక్కంతా మెట్లదారిలో ఉన్న ఎమర్జెన్సీ లైట్లతో వచ్చింది. కరెంటు పోతే వాటంతట అవే వెలగాలని లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది. అయితే మా భవనం మేనేజరు కరెంటు ఆదా పేరుతో రోజూ రాత్రి మెయిన్ స్విచ్చి తీయించేవాడు. కరెంటు పోయిందనుకుని పాపం ఆ లైట్లు, నరమానవుడు లేని మెట్ల మీద తెల్లవార్లూ వెలిగి, పొద్దుటికి నీరసించిపోయేవి. కొన్నాళ్ళకి బ్యాటరీలన్నీ చచ్చి ఊరుకున్నాయి.

"మెట్లకి వేరే లైను లాగాలి సార్. మెయిన్ తీసినా దానికి కరెంటు ఉండాలి" అని లైట్లాయన చెప్పాడు.

మేనేజరు పెదవి విరిచాడు. "కరెంటు పోతే వెలగమంటే, మనం తీసినా వెలుగుతాయా? తేడా తెలియదా వాటికి?"

"మీరు తీశారో, అదే పోయిందో దానికేం తెలుస్తుంది సార్?"

"సరే, చూద్దాంలే. ఈసారికి బ్యాటరీలు తెప్పిస్తాను. మళ్ళీ పోయాయంటే మాత్రం పూచీ నీదే."

ఆ చూద్దాం ఏమైందో అందరికీ తెలుసు. కొత్త బ్యాటరీలు వచ్చాక లైట్లాయన ఒక ఉపాయం కనిపెట్టాడు. సాయంత్రం మెయిన్ తీసేముందు చిన్న స్టూలు పట్టుకుని పైనుంచి కిందికి వస్తూ, ప్రతి మలుపులోనూ లైటు మూత తెరిచి బ్యాటరీ పిన్ను ఊడదీసేవాడు. పిన్ను లేకపోతే లైటు వెలగదు, బ్యాటరీ అలాగే నిండుగా ఉంటుంది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి మళ్ళీ పెట్టేవాడు. ఎండైనా వానైనా అది తప్పేది కాదు.

గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇదంతా వేడుక. "ఏం బావా, పిల్లలు లేచారా?" అనేవాడు. వాళ్ళిద్దరికీ చుట్టరికమేమీ లేదు, వరస కలిపేసుకున్నారంతే.

"లేపాను. రాత్రి జోకొట్టాలి, పొద్దున్నే లేపాలి. చంటిపిల్లలకంటే కనాకష్టం."

"నాకూ చూపించు మరి. నువ్వు రాని రోజు నేను లేపుతాను."

"నువ్వు గేటు తెరువు, చాలు. అది కూడా సరిగ్గా తెరవవు. కరెంటు జోలికి రాకు."

నవ్వుతూనే అన్నాడు గానీ, ఊరికే అనలేదు. భవనం పనులన్నీ ఏదో కాంట్రాక్టు కంపెనీకి ఇచ్చేస్తారని అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. ఆ వయసులో బయటికి పోతే ఇంకెవరూ తీసుకోరు. ఈ పని తనొక్కడి చేతిలోనే ఉంటే తనని పొమ్మనడం అంత తేలిక కాదని ఆయన ఆశ. ఆ మాట భార్యకు కూడా చెప్పలేదు.

మూడో అంతస్తులో మిషన్ కుట్టే ఆవిడ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది. నల్లగుడ్డ మీద నల్లదారం కనపడక కళ్ళు నలుపుకుంటుంటే చూసి, ఆయన సూది పైకి వంగేలా ఒక లైటు బిగించి పెట్టాడు. ఆవిడ అత్తగారు గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని గుండీలు, హుక్కులు కుట్టేది. పెద్దావిడకి చూపు సన్నగిల్లినా నోరు మాత్రం సన్నగిల్లలేదు.

"మా కోడలు కుట్టిన గుండీ ఇంటికి చేరేదాకా కూడా ఆగదు నాయనా. అందుకే నేను వస్తాను" అనేది.

"మీరు సూదిలోకి దారం ఎక్కించేసరికి కుట్టించుకున్న పిల్లకి చొక్కా పొట్టయిపోతుంది అత్తయ్యా" అని కోడలు లోపలినుంచే అందుకునేది.

రోజంతా అలా వాదులాడుకునేవాళ్ళు, మధ్యాహ్నం ఒకే డబ్బాలోంచి తినేవాళ్ళు. సాయంత్రం కోడలు చెయ్యి పట్టుకుని పెద్దావిడ ఒక్కొక్క మెట్టే దిగి వచ్చేది.

ఒకరోజు పొద్దున్నే లైట్లాయన బయల్దేరుతుండగా మేనేజరు ఫోను చేశాడు. యజమాని కొత్త భవనంలో లైట్లు సరిచూడాలి, ఇటు రాకుండా తిన్నగా అక్కడికే వెళ్ళమన్నాడు. మెట్లదారి లైట్ల సంగతి లైట్లాయనకి గుర్తుకు రాకపోలేదు. వాచ్‌మన్‌కి ఫోన్ చేసి పిన్నులు పెట్టమంటే క్షణంలో పని. ఫోను చేతిలోకి తీసుకున్నాడు కూడా. వాడికి ఒకసారి పని తెలిసిందంటే రేపు మేనేజరుకీ తెలుస్తుంది, వాచ్‌మన్ చేసే పనికి నువ్వెందుకంటాడు. ఒక్క పూటలో ఏం మునిగిపోతుందిలే అనుకుని ఫోను జేబులో పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం జిరాక్సు షాపులో వైరు కాలి కాగితం కట్టలు అంటుకున్నాయి. మెయిన్ పడిపోయింది. వెనక సగమంతా చిమ్మచీకటి. పొగ పైకి ఎగబాకుతుంటే జనం మెట్లవైపు పరుగెత్తారు. మిషన్ ఆవిడ అత్తగారి చెయ్యి పట్టుకుని గోడ తడుముకుంటూ దిగుతోంది. మూడో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య పైనుంచి ఎవరో తోసుకుంటూ వచ్చారు. చెయ్యి జారింది. పెద్దావిడ మెట్ల మీదుగా దొర్లిపోయి, మలుపు దగ్గర గోడకి తల కొట్టుకుంది. కోడలూ పడింది, మణికట్టు విరిగింది. ఆసుపత్రికి చేరేలోపే పెద్దావిడ ప్రాణం పోయింది.

లైట్లాయన వచ్చేసరికి మంటలు ఆర్పేశారు. జనమంతా రోడ్డు మీద ఉన్నారు. "ఈ బిల్డింగు లైన్లు తెలిసినవాళ్ళెవరు?" అని ఫైరు ఆఫీసరు అడిగితే మేనేజరు ఆయన్ని ముందుకి తోశాడు. లైన్లు చూసి రావడానికి ఒక్కడే టార్చి పట్టుకుని పైకి వెళ్ళాడు. మెట్ల నిండా ఒంటి చెప్పులు, ఎవరివో కాగితాలు, ఒకచోట చెల్లాచెదురుగా గుండీలు. పెద్దావిడ సంగతి ఆయనకింకా తెలియదు. మొదటి మలుపులో లైటు మూత తెరిచి పిన్ను పెట్టాడు. లైటు వెలిగింది. రెండో మలుపులో పెట్టాడు. అదీ వెలిగింది. అలా పైదాకా పెట్టుకుంటూ వెళ్ళాడు.

"ఎందుకు పెట్టానంటే ఏం చెప్పను? పొద్దున చెయ్యని పని చేసేద్దామని చెయ్యి ఆరాటపడింది. భయం లేదనను. భయమూ ఉంది" అన్నాడు తర్వాతెప్పుడో.

కాసేపటికి, వదిలేసిన సామాన్ల కోసం ఒకరిద్దర్ని చొప్పున పైకి పంపారు. వాళ్ళందరూ వెలుగుతున్న లైట్లు చూశారు. మేనేజరు ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. "మా ఎమర్జెన్సీ లైట్లు ఒక్కటి కూడా ఆరలేదు. పొగలో కనపడి ఉండవు" అని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. చీకట్లో దిగినవాళ్ళు కూడా నిజమే, పొగేమో అనుకున్నారు. లైట్లాయన భుజం తట్టి, "కాంట్రాక్టు మాట ఇక ఎత్తను. నువ్వుండు" అన్నాడు మేనేజరు.

ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట అది. కానీ పెద్దావిడ పోయిందని అప్పటికే తెలిసింది.

మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన్ని పక్కకి పిలిచాడు. "బావా, నువ్వు నిన్న పొద్దున రాలేదు కదా. మరి వాటిని ఎవరు లేపారు?"

లైట్లాయన నిచ్చెన భుజం మార్చుకున్నాడు.

"సరేలే. నేనేమీ అడగలేదు, నువ్వేమీ వినలేదు" అని వాచ్‌మన్ గేటువైపు తిరిగాడు. ఆ తర్వాత వాళ్ళ మధ్య వేళాకోళాలు లేవు.

మిషన్ ఆవిడ ఇంట్లో మాత్రం మాటలు మొదలయ్యాయి. లైట్లాయన భార్య పలకరించడానికి వెళ్ళి, ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"ఆ పిల్లని బతకనిచ్చేలా లేరు. వాళ్ళ ఆడపడుచు నట్టింట్లో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్తోంది. లైట్లు దేదీప్యమానంగా వెలుగుతున్నాయట, అయినా మా అమ్మ చెయ్యి వదిలేసి తన ప్రాణం చూసుకుందట. మొగుడు ఇటు చూడడు, అటు చూడడు. ఆ పిల్ల వంటగదిలో గోడకి చేరగిలబడి ఉంది."

"తనేమంటోంది?"

"మొదట్లో చీకటి చీకటి అని ఏడ్చిందట. ఇప్పుడదీ అనడంలేదు. 'అందరికీ కనిపించిన లైటు నాకెందుకు కనపడలేదు వదినా? నాకే మతిపోయిందా? నేనే వదిలేశానా?' అని నన్నడిగింది. ఏం చెప్పను?"

ఆయన పళ్ళెం పక్కకి జరిపి చేతులు కడుక్కున్నాడు. తర్వాత భార్యకు మొత్తం చెప్పాడు. ఫోను జేబులో పెట్టేసుకున్న సంగతి దగ్గర్నుంచి.

ఆమె పళ్ళెంలో మిగిలిన అన్నం గిన్నెలోకి తీసింది. "చెప్తే పని పోతుంది" అంది.

"పోతుంది."

"కేసు కూడా పెడతారేమో."

"పెడతారు."

వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆయన వెంటనే లేచి వెళ్ళనూలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ కొన్నాళ్ళు గడిపేశాడు. పొద్దున పిన్నులు పెట్టడం, సాయంత్రం తీయడం మామూలే. మెయిన్ తీయించే అలవాటు మేనేజరు ఇంకా మానలేదు మరి.  ఒక సాయంత్రం పెద్దావిడ పడిన మలుపు దగ్గర స్టూలు మీదే కూర్చుండిపోయి, లేచి, పనిముట్ల సంచీతోనే వాళ్ళింటికి నడిచాడు.

తలుపు మిషన్ ఆవిడ భర్త తీశాడు. లోపల ఆడపడుచు చాప మీద కూర్చుని ఉంది. కూర్చోమని ఎవరూ అనకముందే లైట్లాయన చెప్పేశాడు. "లైట్లు వెలగలేదయ్యా. బ్యాటరీ పిన్నులు ముందురోజు సాయంత్రం నేనే ఊడదీశాను. ఆ పొద్దున వెళ్ళి మళ్ళీ పెట్టలేదు. అందరూ చూసినవి నేను తర్వాత వెలిగించినవి."

ఆడపడుచు విసురుగా లేచింది. "ఎవరు పంపారు నిన్ను? అన్నయ్యా అని నోరారా పిలుస్తుంది కదా, అది పంపిందా?"

"ఎవరూ పంపలేదమ్మా. వాచ్‌మన్‌ని అడగండి, ఆ పొద్దున నేను రాలేదని చెప్తాడు."

"మా అమ్మని చంపి, ఇన్నాళ్ళూ నోట్లో బెల్లంముక్క పెట్టుకుని కూర్చున్నావా?"

ఆయన పనిముట్ల సంచీ గోడవార దించాడు.

మిషన్ ఆవిడ చేతికి కట్టుతో వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అయితే చీకటేనా అన్నయ్యా?"

"చీకటేనమ్మా. కళ్ళు పొడుచుకున్నా కనపడని చీకటి. నీ కళ్ళ తప్పేమీ లేదు."

ఆమె గుమ్మానికి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. ఏడవలేదు. "చీకటైతే మాత్రం? ఆ చెయ్యి జారింది నా చేతిలోంచే కదా" అంది.

 భర్త వెళ్ళి భార్య పక్కన నేలమీద కూర్చున్నాడు. విరగని చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. లైట్లాయన వైపు చూడకుండానే, "ఇంక నువ్వు వెళ్ళు" అన్నాడు.

మర్నాడు లైట్లాయన మేనేజరుకీ చెప్పాడు, పోలీసులకీ చెప్పాడు. రాత్రి మెయిన్ తీయమని తనెప్పుడూ అనలేదని మేనేజరు చేతులు దులుపుకున్నాడు. పని పోయింది. కేసు చాలాకాలం సాగి, ఎవరికీ ఏమీ తేల్చకుండా చల్లారిపోయింది. మిషన్ ఆవిడ మళ్ళీ ఆ భవనం మెట్లెక్కలేదు. మణికట్టు వంకరగా అతుక్కుంది, ఇంట్లోనే కిటికీ పక్కన కూర్చుని చిన్నాచితకా కుట్లు కుడుతోందని విన్నాను. ఆడపడుచు ఆ ఇంటికి రాకపోకలు మానేసిందట.

లైట్లాయనకి ఒక గోడౌన్లో సరుకు కాపలా పని దొరికింది. ఒకసారి నేను అటువెళ్ళినప్పుడు గోనె మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మాటల మధ్యలో, అంతా చెప్పేసి మంచిపని చేశారని నేనన్నాను.

 "చెప్పడానికి కొన్నాళ్ళు పట్టింది కదండీ" అన్నాడు. "ఆ కొన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎవరూ ఆ పిల్లతో మాట్లాడలేదు. వంటగదిలో ఒక్కతే గోడ చూస్తూ కూర్చుంది. నేను మాత్రం రోజూ ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాను."