చెరొక డిస్కు

డబ్బు పెట్టి కొన్న వస్తువు వీధిలోంచి చూసినా కనపడాలని మా ఇంటి మగవాళ్ళ నమ్మకం. అందుకే నేను కట్టిన కంప్యూటరును హాల్లో బల్ల మీద పెట్టగానే అన్నయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మిగతాది ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు.

మిగతాది అంటూ ఏమీ లేదు, అదే మొత్తం. పెళ్ళివాళ్ళు పంచే మిఠాయి డబ్బాకు కాస్త అన్న అనదగ్గ పెట్టె. అప్పుడప్పుడే వస్తున్న చిన్న రకం బోర్డు, దాని మీదే అతికి వచ్చిన ప్రాసెసరు, ఒక ఫ్యాను, రెండు హార్డ్ డిస్కులు. కరెంటు తక్కువ తాగుతుంది కాబట్టి వేసవి కోతల్లో ఇన్వర్టరు మీదే నడుస్తుంది. ఇదంతా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు ఎముక కొరుకుతున్నారా అని అడిగాడట, ఆ సామెత పుట్టింది మా ఇంట్లోనే అయ్యుండాలి. "ఇంతోటి దానికి హైదరాబాదు నుంచి పార్సిలు తెప్పించావా?" అన్నాడు అన్నయ్య.

తెప్పించక ఏం చెయ్యను? గుంటూరులో కంప్యూటరు సామాను అమ్మే కొట్టుకు వెళ్ళి నాకు కావలసిన బోర్డు పేరు చెబితే, ఆయన నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసి, "సారు రాలేదా మేడమ్?" అన్నాడు. అప్పటికి నేను ఊరి చివర ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటున్నాను. ఆయన కొట్లో పనిచేసే ఇద్దరు నా దగ్గర ప్రాక్టికల్స్ తప్పినవాళ్ళే. సారు రారని చెప్పి వచ్చేశాను.

ఇల్లు నాన్న కట్టింది. కింద అన్నయ్య కుటుంబం, అమ్మ. పైన తమ్ముడి కుటుంబం. నేను రెండు వీధుల అవతల మా ఆయనతో ఉంటాను. అన్నయ్యది మిర్చియార్డులో కమీషన్ వ్యాపారం. తమ్ముడు పల్లెల్లో పత్తి కొని జిన్నింగు మిల్లులకు తోలుతాడు. ఇద్దరికీ చెరొక పెద్ద కంప్యూటరు ఉండేది. పిల్లలు పాటలు ఎక్కిస్తారు, వైరస్ వస్తుంది, కుర్రాడెవడో వచ్చి అంతా చెరిపేసి పోతాడు. ఆ రోజుల్లో గుంటూరులో కంప్యూటరుకు ఏ జబ్బు చేసినా ఒకటే మందు, ఫార్మాట్. వాంతులకూ అదే, విరేచనాలకూ అదే. అలా ఒకసారి పుట్టిన రోజుల ఫోటోలు పోయాయి, ఇంకోసారి తిరుపతి ఫోటోలు పోయాయి. ఎవరూ పెద్దగా బాధపడలేదు. మళ్ళీ వెళ్తాంగా తిరుపతి అన్నారు.

నాకు భయం పట్టుకుంది ఒక్కదాని గురించే. అన్నయ్య కూతురి ఓణీల ఫంక్షన్ వీడియో.

నాన్నకు కెమెరా అంటే గిట్టదు. గ్రూపు ఫోటో అంటే ఆ వేళకు పొలంలో ఉండేవాడు. ఆ ఫంక్షన్‌లో మాత్రం వీడియో తీసేవాడు లైటు పట్టుకుని ఆయన విస్తరి మీదకే వచ్చాడు. నాన్న తలెత్తి, "ఆ లైటు తియ్యవయ్యా బాబూ, ఏది పప్పో ఏది పచ్చడో కనపడి చావట్లా" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఆయనకీ నవ్వొచ్చింది. నవ్వుతూ అమ్మ ఎక్కడుందోనని చూసి, "ఏమేవ్, ఇటు కాస్త నెయ్యి" అన్నాడు. అంతే. మరుసటేడు మిరప కోతల్లో గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆయన గొంతు ఈ భూమ్మీద మిగిలింది ఆ రెండు ముక్కల్లోనే. స్టూడియోవాళ్ళు క్యాసెట్ మీద ఇంకో పెళ్ళి తీసేసుకున్నారు. వాళ్ళిచ్చిన సీడీ గీతలు పడి ఆగిపోతుంటే, ల్యాబులో నాలుగు డ్రైవుల్లో మార్చి మార్చి పెట్టి బయటికి లాగాను. ఆ తర్వాత సీడీ ఎందుకూ పనికి రాలేదు, ల్యాబు కంప్యూటర్లేమో సెమిస్టరుకోసారి చెరిపేసేవే.

అందుకే ఈ పెట్టె, అందుకే అందులో రెండు డిస్కులు. పై వాటాకు మెట్ల పక్క నుంచి వైరు లాగాను. పైవాళ్ళు పై నుంచీ, కిందివాళ్ళు కింద నుంచీ అందులోనే దాచుకోవచ్చు, చూసుకోవచ్చు. ఒక డిస్కులో ఏది పడితే రెండోదాంట్లోనూ అదే పడుతుంది. ఒకటి చచ్చినా రెండోది బతికే ఉంటుంది.

"రెండిట్లో ఒకటే అయితే రెండోది దండగేగా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"నీ స్కూటరుకు స్టెప్నీ దండగేనా?"

"స్కూటరు వేరు."

ఈ మనిషి పత్తి గోతంలోకి చెయ్యి పెట్టి లోపల నీళ్ళు చల్లారో లేదో చెప్పగలడు. ఆ తెలివి గోతం దాటి బయటికి రాదు.

పెట్టెను బతికించుకోవడం పెట్టె కట్టడం కన్నా కష్టమైంది. బోడిగా ఉందని వదిన దానికి లేసు అల్లిన ముసుగు తొడిగింది. దాని మీద ప్లాస్టిక్ గులాబీలు పెట్టింది. లోపల అది ఉడుకుతుంటే తీయించాను. వారం తిరక్కుండా మళ్ళీ తొడిగింది, ఈసారి ఉతికి. వాస్తు చూసే ఆయన వచ్చి, వేడి పుట్టే వస్తువు ఆగ్నేయంలో ఉండాలన్నాడు. మా ఆగ్నేయంలో పొయ్యి ఉంది. కంప్యూటరును తాలింపు పక్కన పెట్టించే ఉద్దేశంతో అన్నయ్య రెండు రోజులు నా వెంట పడ్డాడు. అన్నయ్య యార్డు నుంచి బట్టల నిండా మిరప ఘాటు మోసుకొచ్చేవాడు. తమ్ముడి ఒంటి నుంచి పత్తి నూగు రాలేది. ఆ ఫ్యాను రెండూ పీల్చేది. మూత తీసి బ్రష్షుతో దులిపిన ప్రతిసారీ కళ్ళనీళ్ళు కారేవి, తుమ్ములు ఆగేవి కావు. నేను తుమ్ముతుంటే ఇంటిల్లిపాదీ నిలబడి చూసేవాళ్ళు. ఒక్కరూ గుడ్డముక్క అందించలేదు.

దాన్ని సరిగ్గా వాడింది అమ్మ ఒక్కతే. ఆమెకు చదువు రాదు. తెర మీద నాన్న బొమ్మ పెట్టి, దాని మీద రెండుసార్లు టకటకా నొక్కితే చాలని చూపించాను. మధ్యాహ్నం వదిన కునుకు తీసే వేళకు చేతులు తుడుచుకుని వచ్చి కూర్చునేది. చూసేది. లేచి వెళ్ళి పని చూసుకునేది. ఒకరోజు నేను వెనక నిలబడి ఉన్నానని తెలియక, "వేశాంగా నెయ్యి" అంది తెరతో. ఆ ఒక్క మాటతో నా తుమ్ములన్నిటికీ కూలి ముట్టింది.

ఇంతలో అన్నదమ్ములకు చెడింది. నీళ్ళ మోటారు ఎవరు ఆపాలన్న దగ్గర మొదలైంది. మోటారు నుంచి మెట్లకు, మెట్ల నుంచి పొలానికి పాకింది. పెట్టె కూడా అందులోకి వచ్చింది. పైవాళ్ళ సినిమాలతో నిండిపోయిందని కిందివాళ్ళు, కిందివాళ్ళ పాటలతో నిండిపోయిందని పైవాళ్ళు. వేరుపడదామనుకున్నారు. పెద్దమనుషులుగా మేనమామ, నాన్న పెదనాన్న కొడుకు ఒకాయన వచ్చి కూర్చున్నారు.

మా వైపు పంపకానికి ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు రెండు వాటాలు పెట్టాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. పెట్టేవాడు మోసం చెయ్యకుండా ఇది మందు. ఇంకోటి, తెమిలేదాకా ఉమ్మడి వస్తువు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. పొలాలు తెమిలాయి. గంగాళాలు, మంచాలు, తాటి దూలాలు తెమిలాయి. అమ్మను పిలిచి నీకేం కావాలని అడిగారు. అలా అడగడమూ పద్ధతే, జవాబు వినడం మాత్రం అందులో లేదు.

"ఆ పెట్టె నా గదిలో ఉండనీండిరా," అంది అమ్మ.

మేనమామ నవ్వాడు. "నీకెందుకక్కయ్యా కంప్యూటరు? ఉద్యోగం గానీ చేస్తావా ఏంటి?"

అందరూ నవ్వారు. అన్నయ్యా నవ్వాడు, తమ్ముడూ నవ్వాడు. అంతకు ముందు నెల రోజులుగా ఆ ఇద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే.

అన్నయ్య వాటాలు పెట్టాడు. పెట్టె ఒక వైపు, మానిటరు ఇంకో వైపు. ఇక రెండు డిస్కులు చెరొకటి. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే పెద్దమనుషులు తలలూపారు.

"రెండిట్లోనూ ఒకటే ఉంది మావయ్యా. పంచడానికి ఏమీ లేదు," అన్నాను.

"ఒకే సరుకు రెండు గోతాల్లో ఎవరమ్మా పోసుకునేది? పిల్లలకు చెప్పినట్టు చెప్పకు," అన్నాడు మేనమామ.

"పోనీ, పంచేముందు ఆ వీడియో నేను కాపీ చేసుకుంటాను. పది నిమిషాల పని."

"తెమలకుండా చెయ్యి పడకూడదు. అందులోనూ ఆడపిల్లవి. రేపు నువ్వేదో తీసుకుపోయావని మాట రాకూడదు."

నన్ను దొంగతనం నుంచి కాపాడాడన్నమాట. నేను కట్టిన పెట్టె మూత నా చేతే విప్పించారు. తమ్ముడు రెండు డిస్కులూ చెరో అరచేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏది బరువుందో చూశాడు. ఎడమ చేతిలోది కోరుకున్నాడు. అన్నయ్య మొహం వాడిపోయింది. నిజంగానే దాంట్లో ఏదో ఎక్కువ ఉండి ఉంటుందనుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయి, అందరి ముందూ మళ్ళీ మొదటి నుంచీ విడమరిచి చెప్పాను. నీ దాంట్లో ఏముందో వాడి దాంట్లోనూ అదే ఉంది, అక్షరం తేడా లేదు, ఒకరిది పోయినా రెండోవాడిది ఉంటుంది, అని. ఆ తడవ అన్నయ్య శ్రద్ధగా విన్నాడు. తమ్ముడు కూడా విన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నా మాట ఆ ఇద్దరూ నమ్మడం అదే మొదలు.

ఆ వచ్చిన ఆదివారం కాలేజీ నుంచి ఖాళీ డిస్కు ఒకటి అడిగి తెచ్చుకుని అన్నయ్య దగ్గరకు వెళ్ళాను. ఆయన తన వాటా డిస్కును అప్పటికే యార్డు ఆఫీసు కంప్యూటరుకు పెట్టించుకున్నాడు. బిగించిన కుర్రాడు, ఇందులో ఏదో ఉంది తీసెయ్యమంటారా అని అడిగాడట.

"తీసెయ్యమన్నానమ్మాయ్. సినిమాలకు చోటు చాల్లేదు. ఏం, వాడి దగ్గర ఉందిగా?" అన్నాడు అన్నయ్య. "నువ్వే చెప్పావుగా."

మెట్లెక్కి పైకి వెళ్ళాను. తమ్ముడు భోజనం చేస్తున్నాడు. నా మొహం చూసి చెయ్యి ఆపాడు.

"అన్నయ్య దగ్గర ఉంటుంది కదక్కా," అన్నాడు.

రెండు డిస్కులూ తీసుకుని ల్యాబుకు వెళ్ళాను. ఊరికే చెరిపేసి ఉంటే కొంతైనా తిరిగొచ్చేది. వీళ్ళు వాటి మీద గొంతుదాకా సినిమాలు నింపారు. తెలిసిన విద్యలన్నీ చేశాను. వచ్చినవల్లా ఫైటింగులు, ఐటెం పాటలు. తలుపేసుకుని కాసేపు ఏడ్చాను. ఏడుపు కన్నా అసహ్యమే ఎక్కువ కలిగింది. మిరపకాయను తుంచి వాసన చూసి ఏ ఊరి చేనుదో చెప్పే మనిషికి, తండ్రి గొంతు ఎక్కడుందో ఒకసారి చూసుకోవాలని తోచలేదు. ఇద్దరిలో ఒక్కడు వెధవాయి అయినా సరిపోయేది. నేను రెండు డిస్కులు పెట్టిందే అందుకు. ఇద్దరూ అవుతారని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

సాయంత్రం ఇద్దరినీ అమ్మ గదిలోకి పిలిచాను. వేరుపడ్డాక వాళ్ళు ఒక గదిలో నిలబడడం అదే మొదటిసారి. జరిగింది నేనే చెప్పాను. తిలాపాపం తలా పిడికెడు కాబట్టి, ఎవరి పిడికెడు వాళ్ళు పట్టుకుని గోడకు ఆనుకున్నారు.

అమ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఒలవడం ఆపలేదు.

"కొత్తది కొనిపెడతాలే అమ్మా. దానికన్నా పెద్దది," అన్నాడు అన్నయ్య.

"సగం నేనేసుకుంటా," అన్నాడు తమ్ముడు.

అమ్మ చాటలో గింజలు ఒక పక్కకు సర్దింది. "కొత్తది నాకెందుకురా," అంది. తర్వాత తలెత్తి ఇద్దరినీ చూసింది. కోపం లేదు. అడగాలని ఉండి అడిగింది. "అందులో మీ నాన్న ఏమన్నాడో ఒకసారి చెప్పండి. ఆయన అన్నట్టే అనండి, వింటాను."

నాకు ప్రతి ముక్కా వచ్చు. నేను నోరు విప్పలేదు.

వాడికి గుర్తుంటుందిలే అన్నట్టు అన్నయ్య తమ్ముడి మొహంలోకి చూశాడు. తమ్ముడు అప్పటికే అన్నయ్య మొహంలోకి చూస్తున్నాడు.