నిన్నటి బ్లీచింగ్ నీళ్లు

పొద్దున్నే ల్యాబు తలుపు తీయగానే బ్లీచింగ్ వాసన ముక్కుకు కొడుతుంది. అలవాటు లేనివాళ్లు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నేనైతే ఆ వాసన పీల్చి, దాన్ని నమ్మకుండా పని మొదలుపెడతాను. అట్లా నమ్మకుండా ఉండటం నేర్పింది రజియా మేడమ్. "వాసన వస్తాందిలే అని మోసపోవద్దు పాపా. నిన్నటి నీళ్లకు వాసన ఉంటాది, పస ఉండదు" అనేవారు. పోయిన వారం మా ఆస్పత్రికి కొత్తగా వచ్చిన మేనేజరు గోడకు ఒక కాగితం అంటించాడు. నీళ్ల ఎద్దడి కాబట్టి బ్లీచింగ్ నీళ్లు ఇకమీదట వారానికి ఒక్కసారే కలపాలట. అది చదివినప్పటి నుంచి మేడమ్ గుర్తుకు రాని పూట లేదు.

మాది గోరంట్ల దగ్గర పల్లె. వేరుశెనగ తప్ప ఇంకొకటి ఎరగని మెట్ట భూమి. మా ఇంట్లో మొహం కడుక్కున్న నీళ్లు కూడా కరివేపాకు పాదులోకే పోవాలి. చెంబెడు నీళ్లు ఊరికే పారబోస్తే నాయన ఆ పూటంతా మాట్లాడేవాడు కాదు. అట్లాంటి ఇంటి నుంచి వచ్చి, టెక్నీషియన్ కోర్సు ముగించి, బుక్కరాయసముద్రం దారిలో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో చేరాను. దగ్గర్లోనే అంత చెరువున్నా మాకు నీళ్లు రెండు రోజులకొకసారి ట్యాంకరులోనే వచ్చేవి. ఆ ల్యాబుకు పెద్ద రజియా మేడమ్. సన్నటి మనిషి, గొంతు మాత్రం వరండా చివరిదాకా వినపడేది. తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే ఇంట్లో పుట్టారు. అందుకేనేమో, నేల నున్నగా కనబడితే నమ్మొద్దు, బండల సందులు చూడమనేవారు.

రక్తం ఒలికితే ఏం చేయాలో మొదటి వారంలోనే నేర్పారు. మొదట గట్టిగా చెప్పాలి, దాచకూడదు. మనుషుల్ని దూరం పంపి, చేతులకు గ్లౌజులు వేసుకుని, ఒలికినచోట పాత పేపర్లు కప్పాలి. అంచుల నుంచి లోపలికి బ్లీచింగ్ నీళ్లు పోసి, గడియారం చూసి అరగంట ఆగాలి. గాజు పెంకుల్ని పట్టకారుతోనే ఏరాలి. అదే ఆసిడ్ అయితే ఇసుక, వంటసోడా ముందు. బ్లీచింగ్ దాని దరిదాపులకు కూడా రాకూడదు, విషపు గాలి లేస్తుంది. ఇవన్నీ నాకు ఒక్క రోజులో వచ్చేశాయి. ఒక్కటే మింగుడుపడలేదు. రోజూ పొద్దున్నే ఆమె నిన్న మిగిలిన బ్లీచింగ్ నీళ్లను సగం బకెట్ ఉన్నా సరే తూములో పోసి, కొత్తగా కలిపేవారు. ఎన్ని చెంబులు పోయాయో మనసులో లెక్కపెట్టుకునేదాన్ని. కొన్నాళ్లకు ఆ పని నాకు అప్పజెప్పారు. నేను పారబోసినట్టే చేసి, ఒక క్యాను నింపి బల్ల కింద దాచడం మొదలుపెట్టాను. పొదుపు చేస్తున్నానని మనసులో గర్వం కూడా.

ఒకరోజు మేడమ్ డాక్టరు గదికి పోయినప్పుడు రక్తం ఉన్న గాజు గొట్టం నా చేతిలోంచి జారింది. ఇంత చిన్నదానికి కొత్త నీళ్లెందుకని బల్ల కింది క్యాను తీసి పోశాను. వాసన బాగానే వచ్చింది. పెంకులు ఏరేశాను, తుడిచేశాను, నేల నున్నగా కనబడింది. అంతలో ఊడ్చడానికి ఓబులమ్మ వచ్చింది. ఇద్దరు ఆడపిల్లల తల్లి, భర్త లేడు. దసరాకు మేము కుంకుమ బొట్లు పెట్టే మిషన్లున్న గది కదా అని, ఎంత చెప్పినా ఆమె చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి లోపలికి వచ్చేది. బండల సందులో మిగిలిపోయిన గాజు ముక్క ఆమె మడమలో దిగింది.

మేడమ్ పరుగున వచ్చారు. ఓబులమ్మ కాలు పంపు కింద పెట్టించి, సబ్బు రుద్ది, ధారగా నీళ్లు వదిలారు. ట్యాంకు అడుగంటుతుందని నర్సు అంటే వినిపించుకోలేదు. తర్వాత ఆ రక్తం ఎవరిదో చూశారు. అది రక్తంతో అంటుకునే బి రకం కామెర్లున్న మనిషిది. ఏ నీళ్లు పోశానని అడిగితే క్యాను చూపించాను. ఆమె తిట్టలేదు.

"చెప్పాల్సింది నాకు గాదు. కోసుకున్నది ఆమె కాలు. పోయి ఆమెకు చెప్పు."

చెప్పాను. అంత కష్టమైన మాట అంతకుముందు ఎప్పుడూ నా నోటి నుంచి రాలేదు. ఓబులమ్మ మడమ కట్టు సర్దుకుంది.

"నీళ్లు పారబోసేకి నీకు చెయ్యి రాలేదు. నాకైనా రాదు మ్మే" అంది. "నాకేమన్నా అయితే నా బిడ్డలకు ఎవురుండారు? అది చెప్పు."

ఒక రోజులోపల ఆమెకు ఒక సూదిమందు, దాంతోపాటు టీకా పడాలి. ఆస్పత్రి యజమాని అయిన పెద్ద డాక్టరు చూద్దాంలే అన్నాడు. జరిగింది మేడమ్ ల్యాబు రిజిస్టరులో రాసిపెట్టిన పేజీ చించెయ్యమని కూడా అన్నాడు, బయట తెలిస్తే పేరు పోతుందట. మేడమ్ ఆయన బల్ల ముందు నిలబడి అడిగిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"మందు తెప్పిస్తారా సార్, లేకుంటే ఆమెను ఆటోలో పెద్దాస్పత్రికి పిల్చకపోయి జరిగిందంతా ఆడ చెప్పాల్నా?"

సాయంత్రానికి మందు వచ్చింది. దాంతోపాటు, పేజీ చించకపోతే ఉద్యోగం మానుకోమన్న కబురూ వచ్చింది. పేజీ చింపనని, రోగం అంటిందో లేదో ఆరు నెలలకు తేల్చే ఓబులమ్మ చివరి రిపోర్టు తన కళ్లతో చూసేదాకా పోనని, ఆపైన ఆయన ఇష్టమని మేడమ్ చెప్పేశారు. వెళ్లగొడితే ఊరంతా తెలుస్తుందని ఆయన ఊరుకున్నాడు గానీ, ల్యాబుకు నీళ్లు రోజుకు రెండు బకెట్లే అన్నాడు. మేడమ్ ఇంటి నుంచి స్కూటీ మీద క్యానుతో నీళ్లు తెచ్చి బ్లీచింగ్ కలిపేవారు. నిన్నటివి మాత్రం పారబోయడం మానలేదు. మొండితనం అన్నారు అందరూ. అవును, మొండితనమే.

ఆరు నెలలు. ఓబులమ్మ రోజూ అద్దంలో కళ్లు చూసుకునేది. నేనూ దొంగచూపులు చూసేదాన్ని, పచ్చబడ్డాయేమోనని. చివరి పరీక్ష మేడమే చేశారు. ఏమీ లేదని రాసిన కాగితం ఓబులమ్మ చేతిలో పెడితే ఆమె చదవలేక నా వైపు చూసింది. నేను చదివి వినిపిస్తూ ఏడ్చేశాను. మరుసటి రోజు పొద్దున మేడమ్ వచ్చి, నిన్నటి నీళ్లు పారబోసి, కొత్తవి కలిపి, ఆప్రాన్ విప్పి మడతపెట్టి, పెద్ద డాక్టరు కోరినట్టే ఉద్యోగం వదిలి వెళ్లిపోయారు. నాతో ఒక్కటే చెప్పారు: సందులు చూడు.

ఇప్పుడు ల్యాబు బాధ్యత నాదే. ఈ రోజు నేను బకెట్ ఎత్తేసరికి మేనేజరు గుమ్మంలో ఉన్నాడు.

"ఏం మేడమ్, ఈ కరువులో నీళ్లు పారబోస్తాండారే? కాగితం చూల్యాదా?"

"చూసినా. ఇది పారబోస్తా. కొత్తది కలుపుతా. కావాలంటే మా ఇంటినుంచి క్యాను తెచ్చుకుంటా. నన్ను తీసేసే పనైతే, ఎందుకు తీసేసినారో కూడా ఆ గోడకే అంటించండి."

అతను గోడ మీది కాగితం వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఇంట్లో నేను ఈ రోజుకీ బియ్యం కడిగిన నీళ్లు చెట్టుకు పోస్తాను. ఇక్కడ బకెట్ వంచేటప్పుడు మా నాయన బిడ్డ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఓబులమ్మ మడమ గుర్తొస్తుంది. పారబోస్తాను.