ముద్దనూరు బస్సులో బరువు

మా సార్ పోయారని పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఆయన భార్య, మా మేడమ్, ఫోన్ చేసి చెప్పారు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కూర్చున్న కుర్చీలోనే ఒరిగిపోయారట. ప్రొద్దుటూరులో మా ఇంట్లో దోసెపిండి కలుపుతున్న నేను, చేయి సరిగ్గా కడుక్కున్నానో లేదో కూడా తెలియకుండా జమ్మలమడుగు బస్సెక్కాను.

ఆయన మాకు జమ్మలమడుగులో డిగ్రీలో ఫిజిక్స్ చెప్పారు. రిటైరయ్యాకా ఊరుకోలేదు. కిక్కిరిసిన ముద్దనూరు బస్సులో నిలబడి పోయి, పులివెందుల వైపు చీనీ తోటల్లో తిరిగి, బోర్లలో నీటిమట్టం కొలిచి, ఆ అంకెలను తాను ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసుకున్న ప్రోగ్రామ్‌కు ఇచ్చి, నీళ్లు ఇంకెన్నాళ్లు వస్తాయో లెక్క కట్టేవారు. "సార్, ఎండాకాలం దాటుతాదా?" అని రైతు అడిగితే తోటలోనే ల్యాప్‌టాప్ తెరిచేవారు. దాటదని తేలితే మాత్రం వెంటనే చెప్పేవారు కాదు. ముందు మంచినీళ్లు అడిగి తాగేవారు.

మాలో ఎవరు ల్యాప్‌టాప్ కొన్నా సార్ వెంట ఉండాల్సిందే. అంగడివాళ్లకు ఆయనంటే హడలు. ఒంటిచేత్తో ల్యాప్‌టాప్ ఎత్తి, కళ్లు మూసుకుని అలాగే నిలబడేవారు. "పెట్టె మీద రాసిన బరువు కాదప్పా, ముద్దనూరు బస్సులో నిలబడినప్పటి బరువు చూడల్ల" అనేవారు. తర్వాత జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, తన ప్రోగ్రామ్‌ను పాత ఏడాది అంకెలతో నడిపించేవారు. జవాబు ఆయనకు ముందే తెలుసు. "తెలిసిన జవాబు రానీ. తెలియంది తర్వాత అడుగుదాం." అది రాకపోతే ఎంత ముచ్చటైన ల్యాప్‌టాప్ అయినా అక్కడే వదిలేసి రావాలి.

ఇదంతా కళ్లారా చూసిన నేనే తప్పు చేశాను. సార్ సొంత ల్యాప్‌టాప్ ఇటుక లాంటిది. భుజం పైకి లేవడం లేదని విని, ఆయనకు చెప్పకుండా బాగా తేలికైనది ఒకటి కొని ఇచ్చాను. బరువొక్కటే చూశాను. అందులో ప్రాసెసర్ వేరే రకం. మనం రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. సార్ ఏళ్లుగా వాడుతున్న పాత కంపైలర్ ఆ ప్రాసెసర్ మీద పనిచేయదు. కంప్యూటర్ పాఠాలు చెప్పి బతికే నా బుర్రకు ఆ సంగతి తట్టలేదు.

వారం తర్వాత ఫోన్ చేసి, "సార్, ప్రోగ్రామ్ నడుస్తాందా?" అని అడిగాను.

"శానా తేలిగ్గా ఉండాది పాపా, చేతిలో ఉన్నట్టే లేదు" అన్నారు.

నేనడిగింది అది కాదు కదా! మెచ్చుకున్నారని పొంగిపోయి ఫోన్ పెట్టేశాను.

దినాల రోజు మేడమ్ ఆయన సంచి తెచ్చి నా ముందు పెట్టారు. "నువ్వు ఇచ్చిందే గదా, ఎత్తుకొని పో పాపా." ఎత్తబోతే చేయి కిందికి లాగింది. జిప్పు తీశాను. పైన నేనిచ్చినది, తువ్వాలులో చుట్టి ఉంది. దాని కింద పాత ఇటుక.

"రెండూ మోస్తాండె" అన్నారు మేడమ్. "కొత్తదాంట్లో వేరే ఏందో ఎక్కించి చూసె. తెలిసిన జవాబు రాలేదనె. లెక్కకు పాతది, రైతులకు బొమ్మలు చూపియ్యను కొత్తది. ఒకటి ఈడ పెట్టి పోరాదా అంటే, పాప ప్రేమగా ఇచ్చింది, ఇంట్లో పడేస్తే ఎట్ల అనె. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకునె."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ భుజం మీది బరువు తగ్గించాలనే కదా నేను కొన్నది. ఒక్కసారి ఆ పెన్‌డ్రైవ్ అడిగి ఉంటే సరిపోయేది.

వచ్చేటప్పుడు సంచి భుజాన వేసుకున్నాను. పట్టీ భుజానికి ఆనే చోట సార్ పాత పంచెముక్క మడిచి కుట్టుకున్నారు. కుట్లు వంకరగా ఉన్నాయి, గుడ్డ అప్పుడే అరిగి పలచబడింది. ప్రొద్దుటూరు బస్సు సగం ఖాళీగా ఉంది.

"సీట్లుండాయి గదమ్మా, కూచో" అన్నాడు కండక్టర్.

ఊరొచ్చేదాకా నిలబడే ఉన్నాను.